నాలుక ఎటు తిరుగుతుంది? – సమాధానం
పన్నెండో కపాల నరం (మెదడు నుంచి వచ్చి నాలుకను కదిలించే హైపోగ్లాసల్ నరం) దెబ్బతింటే నాలుక అదే వైపు తిరుగుతుందని ఒక పుస్తకంలో, స్ట్రోక్‌లో మాత్రం దెబ్బకు ఎదురు వైపు తిరుగుతుందని నోట్స్‌లో ఉందని, పరీక్షలో ఏది రాయాలని అడిగారు. టెన్షన్ పడకండి, రెండూ కరెక్టే.

కీలకమంతా జీనియోగ్లాసస్ కండరంలో ఉంది. ఇది కింది దవడ ఎముక లోపలి వైపు, గడ్డం వెనక మొదలై విసనకర్రలా నాలుకలోకి విచ్చుకుంటుంది. కుడిది ఒక్కటే పనిచేస్తే నాలుకను ముందుకూ ఎడమకూ తోస్తుంది. ఎడమది ముందుకూ కుడికీ. రెండూ సమానంగా తోస్తేనే నాలుక తిన్నగా బయటికొస్తుంది. కుడి నరం పోతే ఎడమ కండరానికి అడ్డు లేదు, కాబట్టి నాలుక కుడికే పోతుంది.

ఇక మెదడు సంగతి. ఈ కండరానికి ఆదేశాలు ప్రధానంగా ఎదురు వైపు మెదడు నుంచి వస్తాయి. ఎడమ మెదడులో స్ట్రోక్ వస్తే బలహీనపడేది కుడి జీనియోగ్లాసస్. నాలుక మళ్లీ కుడికే! అంటే రెండు సందర్భాల్లోనూ బలహీనమైన కండరం వైపే తిరుగుతోంది. ఇది పట్టుకుంటే బట్టీ అక్కర్లేదు.

పేషెంటు దగ్గర తేడా తెలియాలంటే నోరు తెరిపించి, నాలుకను లోపలే వదులుగా ఉంచమని చూడండి. నరం దెబ్బతిని కొన్ని వారాలైతే ఆ సగం సన్నబడి, ముడతలు పడి, సన్నగా అదురుతుంటుంది. స్ట్రోక్‌లో అలా ఉండదు. బయటికి చాపితే మామూలు నాలుక కూడా అదురుతుంది, అందుకే లోపల ఉన్నప్పుడే చూడాలి.

వైవాలో తప్పక అడిగేది ఇంకోటి: అంగిలి నుంచి నాలుకకు వచ్చే పాలటోగ్లాసస్ కండరానికి మాత్రం పదో నరం, అంటే వేగస్. మిగతా నాలుక కండరాలన్నిటికీ పన్నెండోదే.