అరువు పుస్తకం

చిరంజీవి అమ్మాయికి,

మీ తాతయ్య గురించి నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి పూర్ణా మార్కెట్ దగ్గర బస్సు కోసం నిల్చుని, రెండోసారి ఇంట్లో పెన్సిల్ పట్టుకుని. ఆ రెండోసారి కాస్త కోపం వచ్చింది. "స్వయంకృషితో ఎదిగిన వ్యాపారవేత్త" అని ఏడుచోట్ల రాశావు. ఏ షష్టిపూర్తి సన్మానపత్రంలో పెట్టినా అతుకుతుంది ఆ మాట. మీ తాతయ్యకి మాత్రమే అతికేది మూడో పేజీలో, అదీ బ్రాకెట్లో దొరికింది: రంగూన్ ఓడ దిగిన నెలలోనే కంచరపాలెంలో ఒక కిరాణా కొట్టాయన ఆయనకి బియ్యం, శనగపిండి అరువిచ్చాడని. దాన్ని బ్రాకెట్లో ఎందుకు దాచావమ్మా? నీ కథ మొదలయ్యేదే అక్కడ.

ముక్కూమొహం తెలియని మనిషికి, అదీ చేతిలో పని లేనివాడికి, ఆ కొట్టాయన ఏ ధైర్యంతో ఇచ్చాడు? మీ అమ్మమ్మగారిని అడుగు. "తాతయ్య ఎలా పైకొచ్చారు?" అంటే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. "ఆ అరువు ఎన్నాళ్ళకి తీరింది?" అని అడిగి చూడు.

"బర్మాలో పరిస్థితులు బాగాలేక వచ్చేశారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. 1962లో అక్కడ జనరల్ నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964 మార్చిలో కొట్లను జాతీయం చేశారు. మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు (క్యాట్ అంటే మనకి రూపాయిలాగా అక్కడి డబ్బు) చెల్లవన్నారు. అంటే ముందు కొట్టు పోయింది, రెండు నెలలు తిరిగేసరికి పెట్టెలో దాచుకున్నదీ పోయింది. అలాగని చరిత్ర పాఠం చెప్పమనడం లేదు. చెల్లని 100 క్యాట్ల నోటొకటి తాతయ్య గల్లాపెట్టె అడుగున ముప్పై ఏళ్ళు ఉందని రాశావు కదా. రోజూ చిల్లర తీస్తున్నప్పుడు అది ఆయన వేళ్ళకి తగిలేది. ఆ ఒక్క నోటు గురించి ఒక పేజీ రాయి, తేదీలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి.

ఇలా చెబుతున్నాను గానీ, ఒకప్పుడు నేను చేసిన పని వింటే నవ్వుతావు. బర్మా నుంచి వచ్చిన ఒక టైలరు గారి మీద ఒక పత్రికకి వ్యాసం రాశాను. ఆయన ఓడ దిగగానే ఇక్కడి ఇసుకని కళ్ళకద్దుకున్నారని రాశాను. ఆయన ఆ మాట అననేలేదు, బాగుంటుందని నేనే కలిపాను. అచ్చయ్యాక చదివి, "మాష్టారూ, ఆ రోజు నాకు ఒకటే వాంతులు. చేతిలో టీకాల కాగితం ఎక్కడ పోతుందోనని టెన్షన్. ఇసుక ఎవడు చూశాడండీ" అన్నారు. ఆ వాంతులూ ఆ కాగితమూ నా చేతికి వచ్చే అవకాశం ఉండి కూడా పోగొట్టుకున్నాను. ఇప్పటికీ సిగ్గే.

తిండి గురించిన పేజీ మాత్రం ముట్టుకోవద్దు. కొబ్బరిపాలలో శనగపిండి కలిపి చిక్కబరిచిన పులుసు, పైన వేయించిన ఉల్లిపాయలు, నిమ్మరసం. చదువుతుంటే ఆకలేసింది. ఆ నూడుల్స్ పేరు ఒకచోట ఖౌసే, ఇంకోచోట ఖౌస్వే అని ఉంది. మీ ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే ఉంచు, హోటల్ మెనూ చూసి దిద్దకు. మొదట్లో తాతయ్య నూడుల్స్ బండి దగ్గర నిలబడి తిన్నదెవరు? షిప్‌యార్డు షిఫ్టు దిగినవాళ్ళా, రైల్వేవాళ్ళా? "జనం" అని రాశావు. జనం ఎప్పుడూ ఏమీ తినరు.

బర్మాలో తెలుగువాళ్ళని మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద "కొరంగీలు" అనేవారు. ఇక్కడికొస్తే సర్కారు కాగితాల్లో "కాందిశీకులు", వీధిలో "బర్మావాళ్ళు". ఇన్ని పేర్లు మోసిన మనిషి, బండి పోయి హోటలు వచ్చినప్పుడు బోర్డు మీద ఏ పేరు రాయించారు? అది నీ పేజీల్లో లేదు.

తొమ్మిదో పేజీలో ఆయన ఓనరు అయ్యారు. అక్కణ్ణుంచి మనిషి కనబడడు. ప్లేట్లు కడిగే కుర్రాళ్ళ జీతం కోసేవారని మీ అమ్మ అంటే, ఆ వాక్యం కొట్టేశావు. కొట్టివేత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. మళ్ళీ రాయి. ఇంకో సంగతి: అరువు బియ్యంతో బతుకు మొదలెట్టిన మనిషి తన హోటల్ గోడమీద "అప్పు రేపు" అని ఎందుకు రాయించారు? నాలుగు రోజులుగా నన్ను వదలని ప్రశ్న ఇదే. దెబ్బతిన్నారా? లేక గోడమీద ఒకటి, లోపల ఆయన రాసుకున్న అరువు పుస్తకంలో ఇంకొకటా?

ఆ పుస్తకం బర్మా లిపిలో ఉంది, ఎవరికీ అర్థం కాదని వదిలేశావు. బర్మా నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడ్డ బర్మా క్యాంపులో ఆ అక్షరాలు వచ్చిన పెద్దవాళ్ళు ఒకరిద్దరు ఇంకా ఉండకపోరు. ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందు వెళ్దాం, నేనూ వస్తాను. పుస్తకాన్ని మాత్రం కవర్లో పెట్టి తీసుకురా. ఈ ఉప్పుగాలికి అంచులు రాలిపోతున్నాయని నువ్వే రాశావు.

మాష్టారు
విశాఖపట్నం