గేర్‌బాక్స్ రిపేరా, రీబిల్డా? ముందు పాన్ విప్పించండి

ప్రశ్న: మా కారు ఆటోమేటిక్. కొని 13 ఏళ్లయింది, 1,70,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతోంది, కారు మాత్రం లాగడం లేదు. పొద్దున్నే డీ (డ్రైవ్)లో వేస్తే రెండు మూడు సెకన్లకు గానీ కదలదు. ఒక మెకానిక్ వాల్వ్ బాడీ (గేర్లు మార్చడానికి ఆయిల్‌ను మళ్లించే భాగం) మారిస్తే చాలన్నారు, ముప్పావు నెల జీతం అవుతుంది. ఇంకొకరు గేర్‌బాక్స్ మొత్తం విప్పి, అరిగిన భాగాలు మార్చి రీబిల్డ్ చేయాలన్నారు, రెండు నెలల జీతం. ఇద్దరూ ఓ రౌండు నడిపి చూసి చెప్పినవే. ఉన్నదున్నట్టు అమ్మితే ఒక నెల జీతం వస్తుంది, బాగుంటే మూడు నెలల జీతం పలుకుతుంది. పోయినేడాదే టైర్లు, ఏసీ కంప్రెసర్ మార్పించాను. దీన్ని తీసేసి కాస్త కొత్తది సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే ఎనిమిది నెలల జీతం కావాలి, అందులో ఐదు అప్పు చేయాలి. మూడేళ్లలో ఇంటి అప్పు తీరిపోతుంది, అప్పటిదాకా ఈ కారే నడిస్తే బాగుండనిపిస్తోంది. అత్యవసర నిధి నాలుగు నెలల జీతమంత ఉంది. ఇంటి అప్పుకు నెలనెలా జీతంలో పదో వంతు అదనంగా కడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అంకెలన్నీ నెల జీతంతో పోల్చి రాశారు, నాకు చాలా తేలికైంది. నేనూ అదే కొలతతో చెబుతాను. ఇంకో మూడేళ్లు నడపాలనుకుంటున్నారు కాబట్టి, ఇంజిన్, బాడీ బాగుంటే ఈ కారును ఉంచుకోవడమే మీకు లాభం. రిపేరా, రీబిల్డా అన్నది మాత్రం గేర్‌బాక్స్ లోపల ఏముందో చూడకుండా ఎవరూ తేల్చలేరు. ఆ చూడ్డానికి అయ్యే ఖర్చు రీబిల్డ్ ఖర్చు ముందు చాలా చిన్నది. మీరు మొదట పెట్టాల్సిన డబ్బు అదే.

అన్నిటికంటే ముందు, ఈ రోజు నుంచే కారు నడపడం ఆపండి. ఇంజిన్ రేజ్ అయి కారు లాగకపోవడాన్ని మెకానిక్‌లు స్లిప్ అంటారు. లోపల క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకోకుండా జారుతున్నాయన్నమాట. జారిన ప్రతిసారీ రాపిడికి వేడి పుట్టి ప్లేట్లు కాలతాయి. కాలిన పొడి ఆయిల్‌తోపాటు తిరిగి వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో చేరుతుంది. ఈ వారం ముప్పావు జీతంతో పోయేది ఇంకో నెల నడిపితే రెండు జీతాల పని కావచ్చు. షెడ్డుకు పంపేటప్పుడు కూడా ఇంజిన్ ఆపేసి, ఇంజిన్ తిప్పే చక్రాలు నేల మీద దొర్లేలా లాక్కెళ్లనివ్వకండి. చాలా ఆటోమేటిక్‌లలో ఆయిల్ పంపు ఇంజిన్ తిరిగితేనే పనిచేస్తుంది, అది ఆగితే లోపలి భాగాలకు ఆయిల్ అందదు. వాహనాన్ని పూర్తిగా పైకెక్కించుకునే బండినే పిలవండి.

ఇక పరీక్షలు. మొదటిది ఆయిల్ మట్టం. సీల్ దగ్గర చిన్న లీకుండి ఆయిల్ తగ్గినా మీరు చెప్పిన రెండు లక్షణాలూ వస్తాయి. అలాంటప్పుడు ఆ సీల్ మార్చి, కంపెనీ చెప్పిన రకం ఆయిల్‌నే సరిపడా పోస్తే, ప్లేట్లు ఇంకా కాలకపోయి ఉంటే, కథ అక్కడితో ముగియొచ్చు. చాలా కార్లలో ఈ మట్టాన్ని ఇంజిన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ నిర్ణీత వేడికి వచ్చాక చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి సరిపోయిందంటే నమ్మకండి. రెండోది స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే పరికరం. పీ0700 అనే కోడ్ ఒక్కటే వచ్చిందంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో తప్పు పట్టిందని అర్థం, అంతకుమించి అది ఏమీ చెప్పదు. దాని వెనకున్న కోడ్ అడగండి. పీ0730 ఉంటే కంప్యూటర్ ఆశించిన గేర్ నిష్పత్తి రావట్లేదని, అంటే ఎక్కడో జారుతోందని. బ్యాటరీ కూడా ఓసారి చూపించండి. బలహీనమైన బ్యాటరీ వల్ల గేర్లు పిచ్చిపిచ్చిగా పడటం, అది గేర్‌బాక్స్ ఖాతాలో రాసెయ్యడం జరుగుతుంటుంది.

మూడోది ఆయిల్ ఒత్తిడి. నాలుగోది పాన్, అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, విప్పడం. ఈ రెండూ కలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. పాన్ విప్పేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. అడుగున అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తని బూడిద రంగు పేస్టులా ఉంటే భయం లేదు, ఇన్నేళ్లు తిరిగిన గేర్‌బాక్స్‌లో అది మామూలే. మెరిసే లోహపు పెచ్చులు, సూదుల్లాంటి ముక్కలు, నల్లటి ప్లేటు పొడి కనిపించాయంటే, ఆయిల్ కూడా నల్లబడి మాడు వాసన వస్తుంటే, వాల్వ్ బాడీ మార్చడం వృథా. ఆయిల్ పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే ఇంకా ప్రమాదం. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి నీళ్లు గేర్‌బాక్స్‌లోకి వస్తున్నాయి. ఆ తడికి క్లచ్ ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది. అప్పుడు రీబిల్డ్‌తోపాటు రేడియేటర్ కూడా మార్చక తప్పదు.

ఆయిల్ శుభ్రంగా ఉండి, అయస్కాంతం మీద పేస్టు మాత్రమే ఉండి, తప్పు ఒక సోలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారిని తెరిచి మూసే చిన్న వాల్వ్) దగ్గరో వాల్వ్ బాడీ దగ్గరో తేలితే మొదటి మెకానిక్ మాట వినండి. చాలా కార్లలో వాల్వ్ బాడీని గేర్‌బాక్స్ దించకుండా, పాన్ విప్పి కింది నుంచే మార్చొచ్చు, అందుకే ఆ పని చవక. ఒకవేళ ఆ చిన్న రిపేర్‌కు కూడా గేర్‌బాక్స్ దించాల్సిందేనని చెబితే లెక్క మారిపోతుంది. రీబిల్డ్ బిల్లులో పెద్ద వాటా దించి, విప్పి, మళ్లీ ఎక్కించే కూలిదే. ఆ కూలి ఎలాగూ కడుతున్నప్పుడు లోపలి పాత సీళ్లు, ప్లేట్లు అలాగే వదిలేసి మూత బిగించడం నాకు నచ్చదు. పైగా మీరు చెప్పిన పొద్దుటి ఆలస్యం నన్ను కొంచెం ఆలోచనలో పడేసింది. ఆయిల్ మట్టం సరిగ్గా ఉండి కూడా చల్లని బండి డీలో ఆలస్యంగా పట్టుకుంటోందంటే, 13 ఏళ్ల రబ్బరు సీళ్లు గట్టిపడి ఒత్తిడి నిలవట్లేదేమో అని అనుమానించాలి. వాల్వ్ బాడీ మార్చినంత మాత్రాన ఆ సీళ్లు మారవు.

ఇప్పుడు డబ్బు లెక్క. రిపేర్ ఖర్చు కారు విలువలో సగం దాటితే అమ్మేయండి అని చాలామంది చెబుతుంటారు. మీ విషయంలో రెండు జీతాల రీబిల్డ్ మూడు జీతాల కారుకు. ఆ సూత్రం ప్రకారం వెంటనే అమ్మేయాలి. కానీ అమ్మాక మీరు నడిచి తిరగరు కదా, ఇంకో కారు కొంటారు. దాని ఖర్చు ఆ సూత్రంలో ఎక్కడా లేదు. అందుకే నేను ఒక్కో నెల తిరగడానికి ఎంత పడుతుందో చూస్తాను.

రీబిల్డ్ చేయించారనుకోండి. రెండు జీతాలు పెడుతున్నారు, ఇప్పుడు అమ్మితే వచ్చే ఒక జీతాన్ని వదులుకుంటున్నారు, మొత్తం మూడు. మూడేళ్ల తర్వాత, 16 ఏళ్ల కారుకు ఒక జీతం వచ్చిందనుకుందాం. మిగిలిన రెండు జీతాలను 36 నెలలకు పంచితే నెలకు జీతంలో పద్దెనిమిదో వంతు. ఎనిమిది జీతాలతో వేరే కారు కొంటే? మూడేళ్లలో దాని విలువ మూడున్నర జీతాలు తగ్గిందనుకుందాం. ఐదు జీతాల అప్పు మీద వడ్డీ ఒక జీతం వేసుకోండి, బదిలీ ఖర్చులు, పెరిగే ఇన్సూరెన్స్ కలిపి ఇంకో అరజీతం. మొత్తం ఐదు. నెలకు జీతంలో ఏడో వంతుకు కాస్త తక్కువ. అది కూడా ఆ కారు ఏ రిపేరూ చూపించకపోతేనే. రెండింటికీ మధ్య తేడా మూడు జీతాలు. మీ పాత కారుకు మూడేళ్లలో ఇంకేవైనా చిన్నాచితకా పనులు వచ్చినా ఆ మూడు జీతాల్లో సర్దుకుపోతాయి.

రిపేర్‌కీ రీబిల్డ్‌కీ మధ్య లెక్క ఇంకోలా ఉంటుంది. రిపేర్‌తో సరిపెడితే ఇప్పుడు 1.25 జీతాలు మిగులుతాయి. అది నిలబడకపోతే ఆపైన రెండు జీతాల రీబిల్డ్ తప్పదు. 1.25ను 2తో భాగిస్తే 0.625. అంటే రిపేర్ విఫలమయ్యే అవకాశం 100కి 62 లోపుంటే, కాగితం మీద రిపేరే చవక. రెండోసారి ఆగిపోతే బండి మోయించే ఖర్చు, పోయే పనిదినాలు, నడిరోడ్డు మీద టెన్షన్ ఈ లెక్కలో లేవు కాబట్టి నేనైతే 50 దగ్గరే గీత గీస్తాను. పాన్ శుభ్రంగా ఉండి, తప్పు సోలెనాయిడ్ దగ్గరో వాల్వ్ బాడీ దగ్గరో తేలితే ఆ గీతకు చాలా ఇవతల ఉంటారు, నిశ్చింతగా రిపేర్ చేయించండి. నల్లపొడి కనిపిస్తే గీత దాటేసినట్టే. ఇంకో మాట: రీబిల్డ్ చేయించి వెంటనే అమ్ముదామని మాత్రం అనుకోవద్దు. మూడు జీతాలు వస్తాయి, రెండు పోతాయి, మిగిలేది ఒకటి. అది ఇప్పుడు ఉన్నదున్నట్టు అమ్మినా వస్తుంది.

టైర్లు, కంప్రెసర్ సంగతి. వాటికి పెట్టిన డబ్బు పోయింది, కారు ఉంచుకున్నా అమ్మినా తిరిగి రాదు. ‘అంత పెట్టాను కదా’ అన్న బాధతో నిర్ణయం తీసుకోకండి. అయితే రాబోయే మూడేళ్లలో ఆ రెండు ఖర్చులూ మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. ఆ మేరకు అవి ఈ కారుకు అనుకూలమే.

రీబిల్డ్‌కు ఒప్పుకునే ముందు మిగతా బండిని కూడా చూపించాలి. ఇంజిన్ కంప్రెషన్, నీలం పొగ, కింది భాగంలో తుప్పు, రేడియేటర్. ఇంజిన్ కూడా పోయే దశలో ఉంటే నా సలహా మొత్తం తిరగబడుతుంది. అప్పుడు ఒక జీతానికి అమ్మేయడమే మేలు.

కొటేషన్‌లో ఏమేం ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకోండి. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) కొత్తదా, రీబిల్డ్ చేసినదా, పాతదే పెడుతున్నారా? కూలర్, పైపులు కడుగుతారా, మారుస్తారా? అమర్చాక కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఎవరి ఖర్చు? విప్పాక గేరో డ్రమ్మో అరిగిందని తేలితే బిల్లు గరిష్ఠంగా ఎంతకు వెళ్తుంది? వారంటీ ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు, విడిభాగాలకేనా, కూలికి కూడానా? ఇది నేను సొంత డబ్బుతో నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల కిందట నా పాత కారు గేర్‌బాక్స్ రీబిల్డ్ చేయించినప్పుడు ఖర్చు తగ్గుతుందని కన్వర్టర్ పాతదే ఉంచడానికి ఒప్పుకున్నాను. కన్వర్టర్‌ను విప్పి లోపల శుభ్రం చేయడం మామూలు షెడ్డులో కుదరదు. దాని లోపల మిగిలిన లోహపు పొడి కొత్త ప్లేట్లలోకి చేరింది. ఎనిమిది నెలలకు మళ్లీ గేర్‌బాక్స్ దించారు. వారంటీ కాగితంలో కూలి మాటే లేదు, మొత్తం నేనే కట్టాను.

స్క్రాప్ బండిలోంచి తీసిన గేర్‌బాక్స్ వేయిస్తామని కూడా ఎవరైనా చెబుతారు. ఖరీదు తక్కువే, కానీ అది ఎంత తిరిగిందో, ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు, ఎక్కించే కూలి మాత్రం అంతే. మూడేళ్లు కావాలనుకునే మీకు అది వద్దు. ఫ్యాక్టరీలో పూర్తిగా బాగుచేసి, పరీక్షించి పంపే గేర్‌బాక్స్ దొరికితే, షెడ్డు రీబిల్డ్ కంటే కొంచెం ఎక్కువైనా ఆలోచించొచ్చు, వారంటీ బాగుండి, మీ గేర్‌బాక్స్ మోడల్ కోడ్‌కు సరిగ్గా సరిపోతేనే. మీ మోడల్‌కు ఇదే లోపం మీద కంపెనీ వారంటీ ఏమైనా పొడిగించిందేమో కూడా ఒక ఫోన్ చేసి కనుక్కోండి. ఇంత వయసు కారుకు ఆశ తక్కువే, అయినా అడగడానికి ఖర్చు లేదు.

డబ్బు ఎక్కడి నుంచి? అత్యవసర నిధి నుంచే తీయండి, కారు లేకపోతే పనులు ఆగుతాయి కాబట్టి ఇది అలాంటి అవసరమే. రీబిల్డ్ అయినా ఇంకా రెండు జీతాలు మిగులుతాయి. ఆ నిధి నిండేదాకా ఇంటి అప్పుకు కడుతున్న అదనపు పదో వంతును ఆపి ఇటు మళ్లించండి. రెండు జీతాలు తీస్తే 20 నెలల్లో, ముప్పావు జీతమే తీస్తే ఎనిమిది నెలల్లో నిండిపోతుంది. ఇంటి అప్పు అనుకున్నదానికంటే కాస్త ఆలస్యంగా తీరుతుంది, దానికి కంగారు పడకండి, మామూలు వాయిదా మాత్రం తప్పకుండా కట్టండి. క్రెడిట్ కార్డు మీద పెట్టి కొద్దికొద్దిగా తీర్చే పని అసలు వద్దు, ఆ వడ్డీ ఇంటి అప్పు వడ్డీ కంటే చాలా ఎక్కువ.

పరీక్ష ఎవరితో చేయించాలంటే, ఈ ఇద్దరితోనూ కాకుండా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లే చేసే మూడో మనిషితో చేయించండి. పరీక్షకు విడిగా డబ్బు కడతానని, పని ఇస్తానో లేదో తర్వాత చెబుతానని ముందే అనండి. పాన్, అయస్కాంతం, ఆయిల్ ఫొటోలు తీసుకుని, ఒత్తిడి అంకెలు రాయించుకుని, అవి పట్టుకుని మొదటి ఇద్దరి దగ్గరికీ మళ్లీ వెళ్లండి. వాటిని చూశాక వాళ్లు చెప్పే ధరను బట్టి, పైన వేసిన లెక్కలో అంకెలు మార్చి చూసుకోండి.