గడ్డకట్టిన రక్తం చర్మానికి ఏం చెప్తుంది?

ప్రశ్న: మా అమ్మ పలాసలో జీడిపప్పు పనికెళ్తాది. మొన్న పిక్క కొడుతుంటే వేలు తెగింది, రక్తం కాసేపటికే ఆగింది గానీ సాయంత్రానికి చుట్టూ ఎర్రగా వాచిపోయింది. సెప్టిక్ అయిందేమో అని ఇంట్లో అందరికీ గాబరా. మా జువాలజీ మేడమ్ ఏమో థ్రాంబిన్ రక్తం గడ్డకట్టించడమే కాదు, చర్మం కణాలకి సిగ్నల్ కూడా ఇస్తాది అన్నారు. అదెలాగండి?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ మేడమ్ చెప్పింది నిజమేనమ్మా, పుస్తకాల్లో ఈ సంగతికి రెండు లైన్లు కూడా ఇవ్వరు, అదే నా బాధ. థ్రాంబిన్ అంటే ప్రోటీన్లని కోసే ఎంజైమ్. రక్తంలో కరిగుండే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ని కోస్తే ఫైబ్రిన్ పోగులొచ్చి రక్తం గడ్డకడతాది, ఇది అందరికీ తెలిసిందే. అదే థ్రాంబిన్ చర్మం పైపొర కణాల మీదుండే పార్-1 అనే రిసెప్టర్‌ని, అంటే బయటి సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ని కూడా కోస్తాది. 1991లో దీన్ని బయటపెట్టింది కాలిఫోర్నియాలో షాన్ కఫ్లిన్ అనే శాస్త్రవేత్త బృందం. ఇందులో చిత్రం ఏటంటే, బయటి నుంచి ఏ మందూ, హార్మోనూ వచ్చి అతుక్కోనక్కర్లేదు, రిసెప్టర్ తోక చివర తెగిపోగానే మిగిలిన కొత్త కొస వంగి తన రిసెప్టర్‌కే తగులుకుంటాది, దాంతో కబురుని లోపలికి మోసే జి-ప్రోటీన్లు లేచి కణంలో కాల్షియం పెరుగుతాది, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి కబురు ప్రోటీన్లు బయటికొచ్చి తెల్లరక్తకణాల్ని పిలుస్తాయి. సినిమా హాలు గేటు దగ్గర చింపేసిన టికెట్ మళ్లీ చెల్లనట్టే ఒకసారి తెగిన రిసెప్టర్ మళ్లీ పనికిరాదు, కణం దాన్ని లోపలికి లాగి కరిగించేసి కొత్తది పెట్టుకుంటాది.

పార్-2 అని ఇంకోటుంది, చర్మం, పేగులు, ఊపిరి గొట్టాల పొరల్లో ఇది బాగా ఉంటాది. థ్రాంబిన్ దీని జోలికి పెద్దగా పోదు, గడ్డకట్టే దారిలోనే ముందుండే ఫ్యాక్టర్ 7ఎ, 10ఎ అనే ఎంజైములు దీన్ని కోస్తాయి. థ్రాంబిన్ రక్తనాళాల గోడ కణాల మధ్య సందులు కూడా తెరుస్తాది, నీరు బయటికొచ్చి వాపొస్తాది. అంటే మొదటి రోజు కొంచెం ఎరుపు, కొంచెం వాపు మాన్పే పనిలో భాగమే. జీడి రసం తగిలినా చర్మం కాలి ఎర్రబడతాది, అది వేరే సంగతి, చేతులకి నూనె రాసుకోకుండా, గ్లౌజులు లేకుండా ఆ పని చెయ్యనివ్వకండి.

పక్కు మాత్రం గోకొద్దనండి. రెండు రోజులయ్యాక కూడా వాపు పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరమొచ్చినా, ఎరుపు గీతలా చెయ్యి పైకి పాకినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో కూడా చెప్పండి.