టోర్నడో సైరన్ మోగుతున్నా ఎఫ్ఎంలో ఆర్జే కబుర్లు ఆగలేదంటే...

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సైరన్ మోగుతున్నా ఆర్జే ఎందుకు ఆగలేదని అడిగారు కదా. ఆ ఆర్జే అప్పుడు స్టూడియోలో ఉండి ఉండరు. దీన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు. మాటలు ముందే రికార్డు చేసిపెడతారు, పాటల మధ్య కంప్యూటర్ వాటిని వేసేస్తుంది. అందుకే మీ ఫ్రిస్కోలో సైరన్ మోగుతున్నా వీకెండ్ ముచ్చట్లు సాగిపోయాయి. పైగా అమెరికాలో స్థానిక వాతావరణ హెచ్చరికలు వేయాలా వద్దా అన్నది స్టేషన్ ఇష్టం. ఎఫ్ఎం మీద ఆశ పెట్టుకోకండి.

1. బ్యాటరీతోనూ నడిచే నోవా వెదర్ రేడియో (అమెరికా ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో) కొనండి.

2. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ దాకా ఏడు ఛానళ్లు ఉంటాయి. బాగా వినిపించేది పెట్టండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: కౌంటీ (మన జిల్లా లాంటిది) కోడ్. అది పెట్టకపోతే ఎక్కడెక్కడి అలర్ట్‌లకో అర్ధరాత్రి మోగుతుంది, చిరాకొచ్చి ప్లగ్ పీకేస్తారు (మా వాళ్లలో సగం మంది చేసేది అదే). కాలిన్ 048085, డెంటన్ 048121. ఫ్రిస్కో రెండు కౌంటీల్లోనూ ఉంది కాబట్టి రెండూ ఎక్కించండి.

4. స్టాండ్‌బైలో ఉంచండి. అలర్ట్ వస్తే అదే మోగుతుంది.

వారానికోసారి, మామూలుగా బుధవారం, టెస్ట్ వస్తుంది. అది తెర మీద కనబడితే సెట్టింగ్ సరిగ్గా ఉన్నట్టే.