స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్ రికార్డులు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా సెంటర్లో డిజిటల్ ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్ ఉన్నాయి. కొత్తగా సాఫ్ట్‌వేర్ పెట్టాం. ఒకే పేషెంటు మూడు పేర్లతో కనిపిస్తున్నారు, పాత స్కాన్ దొరకడం లేదు. సాఫ్ట్‌వేర్ మార్చమంటారా?
- డయాగ్నస్టిక్ సెంటర్ నిర్వాహకులు, తణుకు

జవాబు: మార్చకండి. మీ దగ్గర రిసెప్షన్లో ఒకసారి, మెషీన్ దగ్గర టెక్నీషియన్ ఇంకోసారి పేరు కొడుతున్నట్టున్నారు. ఒకరు ఇంటిపేరు ముందు పెడతారు, ఒకరు వెనక. లక్ష్మికి ఇంగ్లిష్‌లో ఒకరు ఎక్స్ వేస్తే, మరొకరు కేఎస్‌హెచ్ వేస్తారు. కంప్యూటర్‌కి వీళ్లంతా వేర్వేరు మనుషులే.

దీనికి మందు మోడాలిటీ వర్క్‌లిస్ట్. రిసెప్షన్లో నమోదైన పేరు, వయసు, పేషెంటు నంబరు నేరుగా మెషీన్ స్క్రీన్ మీదికి వస్తాయి, టెక్నీషియన్ ఎంచుకుంటే చాలు. మీ మెషీన్లలో ఈ లైసెన్స్ ఉందో లేదో కంపెనీ ఇంజనీరుని ముందే అడగండి. చాలా వాటిలో దాన్ని విడిగా కొనాలి.

ప్రతి మెషీన్‌కూ స్థిరమైన ఐపీ అడ్రస్ ఇవ్వండి. రూటర్ తనకు తోచిన అడ్రస్ ఇస్తూ పోతే, కరెంటు పోయి వచ్చిన రోజు కనెక్షన్ తెగుతుంది. ఏఈ టైటిల్ (నెట్‌వర్క్‌లో మెషీన్‌ని గుర్తుపట్టే పేరు) మెషీన్లోనూ సాఫ్ట్‌వేర్లోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు. ఎకో టెస్ట్ (కనెక్షన్ ఉందో లేదో చూసే పరీక్ష) పాసయినా వర్క్‌లిస్ట్ ఖాళీగా వస్తోందంటే తప్పు సాధారణంగా ఫిల్టర్‌లో ఉంటుంది: ఎక్స్‌రే రకాన్ని తెలిపే కోడ్‌ని మెషీన్ ‘డీఎక్స్’ అని అడుగుతుంటే సాఫ్ట్‌వేర్లో ‘సీఆర్’ అని నమోదై ఉంటుంది, లేదా మెషీన్ తేదీ తప్పుగా ఉంటుంది.

యాక్సెషన్ నంబరు (స్కాన్‌నీ రిపోర్టునీ జతచేసే నంబరు) పరీక్షకొకటి చొప్పున ఇవ్వాలి. దానికీ 16 అక్షరాలే హద్దు. సెంటర్ పేరు, స్లాష్‌లు కలిపి పొడుగ్గా పెడితే కొన్ని మెషీన్లు చివర కత్తిరిస్తాయి, రిపోర్టు స్కాన్‌కి అతకదు. తేదీ, వరుస సంఖ్య చాలు. పేర్లు తెలుగు లిపిలో పంపితే కొన్ని మెషీన్ల స్క్రీన్ మీద ప్రశ్నార్థకాలు వస్తాయి. అందుకే మెషీన్‌కి ఇంగ్లిష్ పేరు, రిపోర్టులో తెలుగు.

ఇక మిగిలింది రిసెప్షన్. కొత్త నంబరు ఇచ్చేముందు ఫోన్ నంబరుతో వెతకడం తప్పనిసరి చేయండి. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోన్ ఉంటుంది కాబట్టి పేరు, వయసు కూడా చూడాలి. ఇప్పటికే చీలిన రికార్డుల్ని కలిపే అధికారం ఒక్కరికే ఇవ్వండి. ఇద్దరు వేర్వేరు పేషెంట్ల రికార్డులు పొరపాటున కలిస్తే విడదీయడం మహా కష్టం.

ప్రశ్న: గర్భిణులకు అల్ట్రాసౌండ్ చేసినప్పుడు రాయాల్సిన ఫారం-ఎఫ్ కంప్యూటర్లో నింపితే సరిపోదా?

జవాబు: సరిపోదు. పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం) నిబంధనల ప్రకారం కంప్యూటర్ రికార్డు ఉన్నా ప్రింటు తీసి, బాధ్యుల ధ్రువీకరణతో భద్రపరచాలి. కనీసం 2 ఏళ్లు. కేసు నడుస్తుంటే అది తేలేదాకా. నెలవారీ నివేదిక మరుసటి నెల 5వ తేదీలోగా వెళ్లాలి. సాఫ్ట్‌వేర్లో ‘పాత వివరాలే కాపీ’ అనే సౌకర్యం ఉంటే ఈ ఫారానికి మాత్రం ఆపించండి. ఫారంలో లోపం ఉంటే చట్టం దాన్ని ఉల్లంఘనగానే చూస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది స్కాన్ చేసినవారే.

ప్రశ్న: ఆభా (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబరునే పేషెంటు నంబరుగా వాడొచ్చా? డిస్క్ ఎంత కావాలి?

జవాబు: వాడొద్దు. 14 అంకెల ఆభా స్వచ్ఛందం, అందరి దగ్గరా ఉండదు. మీ నంబరు మీదే, ఆభాకి వేరే గడి పెట్టండి.

డిస్క్ లెక్క చూడండి. సీటీ స్లైస్ ఒకటి సుమారు అర ఎంబీ. 400 స్లైసుల స్కాన్‌కి 200 ఎంబీ. రోజుకి 20 స్కాన్లు, ఏడాదికి 300 రోజులైతే 1.2 టీబీ. నాణ్యత పోని కంప్రెషన్‌తో ఇది సగానికి తగ్గొచ్చు. రెండు డిస్కులు ఒకే డబ్బాలో అద్దంలా నడుస్తున్నాయి కదా అని బ్యాకప్ మానేయకండి: రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే రెండూ ఒకేసారి పోతాయి. ఇంకో కాపీ నెట్‌వర్క్‌కి తగిలించకుండా వేరే భవనంలో ఉంచి, నెలకోసారి దాన్నుంచి ఒక స్కాన్ వెనక్కి తెరిచి చూడండి.