92 చూపిస్తున్నా ఆక్సిజన్ ఎందుకు పెంచరు?

ముప్ఫయ్యో వారంలో పుట్టిన మీ పాప సీప్యాప్ అనే శ్వాస యంత్రం మీద ఉందని, మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ 91, 92 శాతమే కనిపిస్తున్నా సిస్టర్లు ఆక్సిజన్ పెంచడం లేదని రాశారు. మా బాబు 29 వారాలకు, 1,250 గ్రాములతో పుట్టాడు. అప్పుడు నేనూ ఇదే విషయమై సిస్టర్‌తో గట్టిగా వాదించాను.

నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తులలోని చిన్న చిన్న గాలి సంచులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం వారిలో తగినంత ఉండదు కనుక, సీప్యాప్ ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలిని పంపి వాటిని తెరిచి ఉంచుతుంది. ఆక్సిజన్ మోతాదు సంగతి వేరు. బయటి నుంచి ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు రక్తంలో దాని శాతాన్ని సాధారణంగా 90 నుంచి 95 మధ్యే ఉంచుతారు. 98, 100 దాకా పోనిస్తే, ఇంకా ఎదుగుతున్న రెటీనా రక్తనాళాలు దెబ్బతిని ఆర్‌ఓపీ అనే కంటి జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మరీ తగ్గితే ప్రాణానికే ముప్పు. కాబట్టి 92 చూసి భయపడకండి.

భయపడవలసిన క్షణాలు వేరే ఉంటాయి. పదకొండో రోజు రాత్రి అలారం మోగేసరికి బాబు పొట్ట కదలడం లేదు, పెదవులు నీలంగా మారుతున్నాయి. సిస్టర్ పరుగున వచ్చి, రెండు వేళ్లతో అరికాలు రుద్దింది. వాడు ఉలిక్కిపడి ఊపిరి తీసుకున్నాడు. శ్వాస 20 సెకన్లు ఆగినా, అంతకంటే తక్కువసేపే ఆగి గుండె వేగం పడిపోయినా దానిని ఆప్నియా అంటారు. మెదడులో శ్వాసను నడిపే భాగం పరిపక్వం కాకపోవడమే ప్రధాన కారణం. మా బాబుకు కెఫీన్ ఇచ్చారు, ఔను, కాఫీలో ఉండేదే. 35వ వారానికి ఆ విరామాలు ఆగిపోయాయి.

డాక్టర్ అనుమతిస్తే కంగారూ పద్ధతిలో పాపను గుండెల మీద పెట్టుకోండి. గడ్డం ఛాతీకి ఆనకుండా, తల ఒక పక్కకు తిరిగి ఉండాలి, మెడ వంగితే గాలి దారి మూసుకుపోతుంది.

డిశ్చార్జి అయినా సరే, పుట్టిన 30 రోజులలోపు ఆర్‌ఓపీ పరీక్ష చేయించండి. బరువు 1,200 గ్రాముల లోపైతే రెండు మూడు వారాలకే చేయించాలి. మాకు ఆ మాట ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, వేరే డాక్టర్ ద్వారా 26వ రోజున తెలిసింది.

ఇంటికి వచ్చాక స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేయడం మాత్రం వద్దు. మా అత్తయ్యగారు మొదట నొచ్చుకున్నారు, కానీ ఆ ఊపిరితిత్తులు ఎంత లేతవో డాక్టర్ చెప్పాక ధూపపు గిన్నెను ఆవిడే అటక మీద పెట్టించారు.