కార్న్ స్నేక్ పిల్ల తిండి ముట్టకపోతే

కొత్తగా తెచ్చిన కార్న్ స్నేక్ (ఇళ్లలో పెంచుకునే, విషం లేని అమెరికా పాము) పిల్ల రెండు వారాలుగా ఏమీ తినలేదని అడిగారు. అప్పుడే టెన్షన్ అక్కర్లేదు. ముందు ఓ వారం దాన్ని చేత్తో తాకకండి. పెట్టెలో ఒక పక్క 29 డిగ్రీల సెల్సియస్ వేడి, దూరి దాక్కోవడానికి ఇరుకైన చోటు ఉండాలి. చలికి తిన్నది కూడా అరగదు.

తర్వాత ఫ్రీజర్‌లోని పింకీని, అంటే వెంట్రుకలు రాని ఎలుకపిల్లను, వేడినీళ్లలో పూర్తిగా కరిగించి తుడవండి. గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో పాముతో పాటు రాత్రంతా వదిలేయండి. అయినా ముట్టకపోతే వాసనే అసలు కిటుకు. అమెరికా అడవుల్లో ఈ పిల్లలు ఎక్కువగా చిన్న బల్లుల్నే తింటాయి కాబట్టి పింకీకి అనోల్ అనే చిన్న అమెరికా బల్లి వాసన పట్టించండి. పింకీ తల కాస్త చీల్చి పెట్టడమూ పనిచేస్తుంది, చూడ్డానికి అసహ్యమే అనుకోండి! ప్రయత్నాల మధ్య ఐదారు రోజులు ఆగండి. బరువు తగ్గుతుంటే మాత్రం పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికే వెళ్లండి, మీరే నోట్లో కుక్కొద్దు.